పరలోకం కథ కొనేముందు: నిరాశపరచిన ఒక నవల, దానికి బదులు చదవదగినవి

మా అమ్మ పోయిన మూడో నెలలో మా మేనకోడలికి ఒక ఇంగ్లీషు నవల కొనిపెట్టాను. 17 ఏళ్ళ అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం. నానమ్మ పక్కన పడుకుని పెరిగిన పిల్ల. ఆ మూడు నెలలూ ఏడవలేదు, పెద్దగా మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం, "అత్తమ్మా, చనిపోయిన తరువాత ఏమవుతుందో కథలుగా రాసినవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. నేను హనుమకొండ చౌరస్తాకు వెళ్ళి, అట్ట మీద మేఘాలూ మెట్లూ ఉన్న నవల ఒకటి చూసి, వెనక అట్ట మీది పొగడ్తలు చదివి, నాలుగు వందల చిల్లర పెట్టి తెచ్చాను. నా మొదటి తప్పు వెనక అట్టను నమ్మడం.

కథ ఇది. 17 ఏళ్ళ అమ్మాయి కారు ప్రమాదంలో చనిపోతుంది. కళ్ళు తెరిస్తే తెల్లటి హాలు, వరుసగా కుర్చీలు, చేతిలో ఒక టోకెన్. బాగుంది కదా అనుకున్నాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులాంటి పరలోకం అంటే మన దేశంలో ఎవరికి ఆసక్తి పుట్టదు? కానీ ముప్పయ్యో పేజీలో దారి చూపడానికి ఒక అందగాడు వస్తాడు, అక్కడితో పరలోకం పని అయిపోయింది. మిగిలిన మూడు వందల పేజీలూ అతని కళ్ళ రంగు గురించే. భూమి మీదికి తొంగిచూడకూడదని ఐదో అధ్యాయంలో నియమం పెడతారు. తొమ్మిదో అధ్యాయంలో పాత స్నేహితుడి కోసం ఆమె తొంగిచూస్తే ఎవరూ ఏమీ అనరు. రెండోసారి చావడం ఉండదని ఒకచోట, ఉంటుందని మరొకచోట. చివరికి అదంతా ఆసుపత్రి మంచం మీద కన్న కలలాంటిదని తేల్చి అమ్మాయిని లేపి కూర్చోబెట్టారు.

మా మేనకోడలు అంత దూరం కూడా రాలేదు. నూట నలభయ్యో పేజీ దగ్గర ఆపేసింది. ఎందుకని అడిగితే, "వాళ్ళమ్మ ఏడుస్తోందా లేదా అని ఈ అమ్మాయి ఒక్కసారి కూడా అనుకోలేదు అత్తమ్మా," అంది. మూడు వందల డెబ్భై పేజీలు పూర్తిగా చదివి నేను కనిపెట్టలేని లోపం అది.

ఈ రకం కథలకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. మామూలు కథలో నాయిక కొండ అంచున నిలబడితే మన ప్రాణాలు అరచేతిలోకి వస్తాయి, పడితే చచ్చిపోతుంది కనుక. ఇక్కడ ఆమె మొదటి పేజీలోనే చనిపోయింది. ఇక భయపడటానికి ఏముంది? ఆ ఖాళీని రచయిత దేనితోనైనా నింపాలి: ఒక గడువుతోనో, దాటరాని గీతతోనో, ఎంత అడిగినా జవాబు రాని ప్రశ్నతోనో. నింపలేనివారు అందగాడిని తెస్తారు. అందుకే ఇప్పుడు ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా నేను మొదట వెతికేది, చనిపోయినవారికి ఇంకా పోగొట్టుకోవడానికి ఏమి మిగిలింది అని. దాని వెంటనే మా మేనకోడలి ప్రశ్న: వెనక మిగిలినవారు వీరికి గుర్తున్నారా? మొదటి యాభై పేజీలలో ఈ రెంటికీ జవాబు దొరకకపోతే పుస్తకాన్ని అరలోనే వదిలేయండి. ఫోనులో ఉచితంగా చదవనిచ్చే నమూనా పేజీలు ఈ పరీక్షకు చాలావరకు సరిపోతాయి. నేను ఆ మాత్రం కూడా చేయలేదు.

ఆ తరువాతి ఆరు నెలలలో మేమిద్దరం వెతికి చదివినవాటిలో మాకు అన్నిటికంటే అక్కరకు వచ్చినది గాబ్రియెల్ జెవిన్ నవల 'ఎల్స్‌వేర్'. 2005లో వచ్చింది. ఇందులోనూ ఒక అమ్మాయే. పేరు లిజ్, పదహారో పుట్టినరోజు దగ్గర పడుతుండగా సైకిలు మీద వెళుతూ టాక్సీ గుద్ది చనిపోతుంది. ఓడలో తీసుకువెళ్ళి దించిన ఆ లోకంలో అందరూ వెనక్కి పెరుగుతారు. 80 ఏళ్ళకు పోయినవారికి 79, 78 అవుతూ చివరికి పసిబిడ్డలై మళ్ళీ భూమి మీదికి పుట్టడానికి వెళతారు. లిజ్ వచ్చింది పదిహేనేళ్ళకు కనుక అక్కడ ఆమెకున్న ఆయుష్షు కూడా పదిహేనేళ్ళే. గడువు కుదిరింది. ఎంతగానో ఎదురుచూసిన పదహారు ఇక ఎప్పటికీ రాదు. దుఃఖం కూడా కుదిరింది. పైగా ఒడ్డున దుర్భిణీలు ఉంటాయి, నాణెం వేస్తే కొన్ని నిమిషాలు భూమి మీది తనవారు కనిపిస్తారు. లిజ్ తిండీ నిద్రా మాని వాటికి అతుక్కుపోతుంది. అసలు ఈ నవల మొదలయ్యేదే ఆమె పెంపుడు కుక్క దిగులుతో. చనిపోయినవారు ఇటు చూడటం, మిగిలినవారు అటు చూడటం రెండూ ఉన్న పుస్తకం ఇది.

అక్కడ లిజ్‌ను చేరదీసేది ఆమె పుట్టకముందే పోయిన అమ్మమ్మ. ఆమె ఇప్పుడు ముప్పై దాటిన యువతి. ఆ అధ్యాయం చదివిన రాత్రి మా మేనకోడలు నోటుపుస్తకం వెనక పేజీలో లెక్క వేసింది. నానమ్మ పోయినప్పుడు ఆమెకు 71, తనకు 17. నానమ్మ ఏడాదికి ఒకటి తగ్గుతూ, తను ఏడాదికి ఒకటి పెరుగుతూ పోతే 27 ఏళ్ళకు ఇద్దరూ 44 దగ్గర ఎదురుపడతారు. "అంటే ఇప్పటి నీ వయసు," అంది. ఇంకో 27 ఏళ్ళకు నానమ్మకు 17, తనకు 71. "అప్పుడు నేనే ఆమెకు జడ వేయాలి," అని నవ్వబోయి, ఏడ్చింది. అన్ని నెలలుగా రాని ఏడుపు. ఒక నవల అంతకంటే ఏమి చేయాలో నాకు తెలియదు.

లోపాలు లేకపోలేదు. సగం దాటాక ఇందులోనూ ఒక ప్రేమకథ వచ్చి నడక మందగిస్తుంది. పాపపుణ్యాల లెక్క, తీర్పు, దేవుడు ఏవీ ఉండవు కనుక "ఇదేం పునర్జన్మ?" అని ఇంట్లో పెద్దలు పెదవి విరవవచ్చు. మా అన్నయ్య విరిచాడు. భాష మాత్రం తేలిక, చిన్న చిన్న వాక్యాలు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్‌కు వచ్చిన పిల్లలు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని నెట్టుకురాగలరు.

దీనితో పోల్చి చాలామంది చెప్పే పుస్తకం ఆలిస్ సీబోల్డ్ రాసిన 'ది లవ్లీ బోన్స్'. 2002 నాటిది, 2009లో సినిమాగా కూడా వచ్చింది. రచనగా చూస్తే ఇదే గొప్పదనవచ్చు. కానీ పుచ్చుకునేవారిని బట్టి ఇవ్వవలసినది. 14 ఏళ్ళ సూసీ పొరుగున ఉండే ఒకడి చేతిలో అత్యాచారానికి, హత్యకు గురై, తన స్వర్గం నుంచి తల్లిదండ్రులను, చెల్లెలిని, ఆ హంతకుడిని కూడా చూస్తూ కథ చెబుతుంది. చూడగలదు, చేయి చాచి ఆపలేదు. పుస్తకం బిగువంతా ఆ గీతలోనే ఉంది. ఒక ఇల్లు దుఃఖంతో ఎలా విడిపోతుందో ఇంత ఓపికగా చూపినవి తక్కువ. అయితే మొదటి అధ్యాయమే ఆ నేరాన్ని దాచకుండా చెబుతుంది. నాయిక వయసు పద్నాలుగు కదా అని పద్నాలుగేళ్ళవారికి ఇచ్చేయకండి. ఇది పెద్దలకోసం రాసిన నవల. నేను ఒంటరిగా చదివాను, మా మేనకోడలికి ఇవ్వలేదు. డిగ్రీకి వచ్చాక తనే తీసుకుంటే అడ్డు చెప్పను.

చిన్నవారికైతే స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1973లో రాసిన 'ది బ్రదర్స్ లయన్‌హార్ట్' ఉంది. జబ్బుతో మంచం పట్టిన తమ్ముడు, అగ్నిప్రమాదంలో వాడిని కాపాడి ముందుగా పోయిన అన్న, ఇద్దరూ కలుసుకునే నంగియాల అనే లోకం. అక్కడ గుర్రాలు, చెర్రీ లోయ, ఒక క్రూర పాలకుడు, ఒక భయంకరమైన ఆడ డ్రాగన్. చచ్చాక కూడా మళ్ళీ చావు ఉన్న లోకం కనుక సాహసానికి అర్థం ఉంది. పది పన్నెండేళ్ళ పిల్లలు కదలకుండా చదువుతారు. కానీ ముగింపు ముందుగా పెద్దలు చదవాలి. కదలలేని స్థితికి వచ్చిన అన్నను వీపున మోసుకుని తమ్ముడు లోయలోకి దూకుతాడు, ఇంకో లోకానికి వెళ్ళడానికి. మామూలు పిల్లలకు అది ధైర్యంగా కనిపిస్తుంది. మనసు బాగాలేని పిల్లలకు ఎలా కనిపిస్తుందో చెప్పలేము. ఇంట్లో ఈ మధ్య చావు జరిగి, పిల్ల ముభావంగా ఉంటే ఈ పుస్తకం ఇప్పుడు వద్దు. ఒకవేళ ఇచ్చినా పక్కన కూర్చుని చదవండి. "నేనూ అక్కడికే పోతాను" వంటి మాట వినిపిస్తే పుస్తకాలను పక్కన పెట్టి వెంటనే వైద్యులను కలవాలి.

మిచ్ ఆల్బమ్ 2003లో రాసిన 'ది ఫైవ్ పీపుల్ యు మీట్ ఇన్ హెవెన్' గురించి రెండు ముక్కలు చాలు. 83 ఏళ్ళ ఎడ్డీ చనిపోయి ఐదుగురిని కలుస్తాడు. చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. నీతి కాస్త గట్టిగా వినిపిస్తుంది. పిల్లలకంటే మా అన్నయ్యకు నచ్చింది.

ఇంత దూరం వచ్చాక నాకు సిగ్గు వేసింది. యముడి ఇంటి గడప ముందు మూడు రాత్రులు కూర్చున్న కుర్రవాడు మన దగ్గరే ఉండగా నేను చౌరస్తాలో మేఘాల అట్టలు వెతికాను. కఠోపనిషత్తు మొదలును ఒకసారి కథగా చదవండి. తండ్రి యజ్ఞం చేసి దానాలు ఇస్తున్నాడు. ఇస్తున్నవేమో తాగవలసిన నీళ్ళు తాగేసి, మేయవలసిన గడ్డి మేసేసి, పాలు ఇక ఇవ్వలేని ముసలి ఆవులు. కొడుకు నచికేతుడు చూసి ఊరుకోలేకపోతాడు. "మరి నన్ను ఎవరికి ఇస్తావు?" అని ఒకటికి మూడుసార్లు అడుగుతాడు. తండ్రికి ఒళ్ళు మండి, "మృత్యువుకు ఇస్తాను, పో!" అంటాడు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళలో నెలకొకసారి జరిగే సంభాషణే ఇది. నచికేతుడు నిజంగానే పోతాడు. అక్కడ యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు అన్నం లేకుండా అతిథిని నిలబెట్టినందుకు యముడంతటివాడు నొచ్చుకుని మూడు వరాలు ఇస్తాడు.

మొదటి వరంగా ఆ కుర్రవాడు ఏమి అడిగాడు? నేను తిరిగి వెళ్ళేసరికి మా నాన్న కోపం తగ్గి, నన్ను గుర్తుపట్టి పలకరించాలి. పరలోకపు గడప మీద నిలబడి ఇంట్లో తండ్రి మనసు ఎలా ఉందో అనుకున్నవాడు. "అడిగాడు చూడు," అంది మా మేనకోడలు. మూడో వరం అందరికీ తెలిసినదే: చచ్చాక మనిషి ఉంటాడా, ఉండడా? యముడు తప్పించుకోవాలని చూస్తాడు. ఏనుగులు, గుర్రాలు, బంగారం, దీర్ఘాయువు, రథాలెక్కి వచ్చే అప్సరసలు, ఏది కావాలన్నా ఇస్తాను, ఇది మాత్రం అడగకు అంటాడు. కుర్రవాడు అవన్నీ రేపటివరకు నిలిచేవి కావు, నీ దగ్గరే ఉంచుకో అంటాడు. ఆ ఇంగ్లీషు నవలలో అందగాడికి మూడు వందల పేజీలు లొంగిపోయిన అమ్మాయి పక్కన ఈ కుర్రవాడిని నిలబెట్టి చూడండి.

హెచ్చరిక ఒకటి. కథ మొదటి వల్లిలోనే, అంటే మొదటి భాగంలోనే, 29 మంత్రాలలో అయిపోతుంది. తరువాతిది ఆత్మవిచారం. 17 ఏళ్ళవారికి మొదట ఆ 29 చాలు. తాత్పర్యం సరళంగా ఉన్న ప్రతి చూసుకుని తీసుకోండి, వ్యాఖ్యానం లావు చూసి కాదు.

మనవాటిలో అన్నీ పిల్లలకు ఇవ్వదగినవి కావు. మా ఇంట్లో అమ్మ పోయిన పది రోజులలో ఆనవాయితీ ప్రకారం గరుడ పురాణం చదివించారు. వైతరణి వర్ణన, నరకాల శిక్షలు గోడ చాటు నుంచి విన్న పిల్ల రెండు రాత్రులు నిద్రపోలేదు. నన్ను ఆ ప్రశ్న అడగడానికి అసలు కారణం అదేనని తరువాత తెలిసింది. నానమ్మ ఆ నది దాటిందా అన్నది దాని భయం. ఆచారాన్ని నేను తప్పుపట్టడం లేదు. చెవిన పడే పిల్ల వయసు ఎంతో ఒకసారి చూసుకోమంటున్నాను. అజామిళుడి కథ ఇందుకు కొంత విరుగుడు. చివరి క్షణంలో కొడుకును "నారాయణా" అని పిలిచినందుకు అతని కోసం యమభటులు, విష్ణుదూతలు కోర్టులో వకీళ్ళలా వాదించుకుంటారు. భాగవతం షష్ఠ స్కంధం చూడండి. పోతన ఊరు బమ్మెర మన పక్కనే కదా, ఆయన పద్యాలని మురిసిపోతూ తెరవకండి. ఆ స్కంధాన్ని తెనిగించినది ఏర్చూరి సింగన.

గడువు ఉన్న కథ కావాలంటే సావిత్రిని మించినది లేదు. భర్తకు ఏడాదే ఆయుష్షు అని తెలిసి పెళ్ళాడి, రోజులు లెక్కపెట్టుకుంటూ బతికి, ఆ రోజు యముడి వెంట నడుస్తూ మాటలతోనే గెలిచింది. ఆంధ్ర మహాభారతంలో ఎర్రన పూరించిన అరణ్యపర్వ భాగంలో ఉంది. పద్యం బరువైతే వచన భారతం చాలు. పదహారేళ్ళకే ఆయువు తీరుతుందని తెలిసిన మార్కండేయుడి కథ చదవడం కంటే చూడటం బాగుంటుంది. పద్మశాలీలు తమ మూలపురుషుడిగా చెప్పుకునే ఆ కుర్రవాడి కథను కూనపులివారు చేర్యాల నకాషీ పటం విప్పుతూ, బొమ్మ తరువాత బొమ్మ చూపుతూ చెబుతారు. వరంగల్ కొత్తవాడ వైపు బంధువులున్నవారు పెద్దలను అడిగి చూడండి. పుస్తకం పట్టని పిల్లలకు ఇది మంచి దారి.

నవ్వు కావాలంటే యముడి సినిమాలు. 'యమగోల' 1977, 'యముడికి మొగుడు' 1988, 'యమలీల' 1994, మూడింటిలోనూ యముడు కైకాల సత్యనారాయణే. 'యమలీల'లో భవిష్యవాణి పుస్తకం జారి డాబా మీద పడిపోవడం చూసి మా అమ్మ ప్రతిసారీ కొత్తగా నవ్వేది. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఇవి వద్దు, ఏడాది తిరిగాక చూడవచ్చు.

మన నేల మీద పరలోకమే అక్కరలేని చావు కథ కూడా ఒకటి ఉంది. సమ్మక్క యుద్ధంలో గాయపడి చిలకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోయింది, వెతికినవారికి కుంకుమ భరిణె దొరికింది. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో ఆమెను గుట్ట మీది నుంచి మేడారం గద్దెకు తెచ్చుకుంటారు. పోయినవారు పక్క గుట్ట మీదే ఉంటారు, పిలిస్తే వస్తారు. పెత్రమాస నాడు పొద్దున పోయినవారి పేరున బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుకుని వేయిస్తంభాల గుడికి వెళ్ళే ఊరు మాది. ఈ నమ్మకం మీద 17 ఏళ్ళవారి కోసం ఒక తెలుగు నవల ఎవరైనా రాస్తే, వెనక అట్ట చూడకుండా కొంటాను.

ఇక ఎంపిక. ఇంట్లో ఈ మధ్యే చావు జరిగి, పిల్ల ఇంగ్లీషు చదవగలిగితే 'ఎల్స్‌వేర్'. తెలుగులో కావాలంటే, లేదా పిల్ల దిగులుతో కాక తర్కంతో ప్రశ్నలు వేస్తుంటే నచికేతుడు. దుఃఖం ఏమీ లేక సాహసం కోసమే చదివే చిన్నవారికి లిండ్‌గ్రెన్, ముగింపు గురించి పైన చెప్పినది మరవకుండా. సీబోల్డ్‌ను ముందు మీరు చదివి తేల్చుకోండి. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే పుస్తకం కొనకుండా మొదట గ్రంథాలయానికి వెళ్ళండి. 1904 నుంచి రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఉన్న హనుమకొండలో ఉంటూ కూడా నేను నేరుగా దుకాణానికే పోయాను.

'ఎల్స్‌వేర్' ఇప్పుడు మా మేనకోడలి హాస్టల్ పెట్టెలో ఉంది, నోటుపుస్తకం లెక్క దాని మధ్యలో మడిచి పెట్టుకుంది. మేఘాల అట్ట నవలను దుకాణంవారు తిరిగి తీసుకోలేదు, మా ఇంట్లోనే ఉంది. కావలసినవారు వచ్చి ఉచితంగా తీసుకువెళ్ళవచ్చు. నూట నలభయ్యో పేజీ దగ్గర కాజీపేట బస్సు టికెట్టు ఒకటి ఉంటుంది, అది మాత్రం నాకు ఇచ్చి వెళ్ళండి.